నిండు పడవ నడక

పోయిన వారం మనం దీవెనను ఎక్కడ విడిచిపెట్టి వచ్చినమో యాదికున్నదా? సత్తుపల్లిలో, ఎరువుల దుకాణం మీది అంతస్తులో, ఎనిమిది కంప్యూటర్ల ఆ చిన్న ఆఫీసులో. ఆమె చేతిలో ప్రింటు తీసిన కాగితాలు, కుర్చీ వెనక మేనేజర్ చిరంజీవి. "ఆ కాగితాలు పట్టుకొని నా రూముకు రా" అన్నడు. అంతవరకే చెప్పి నేను పండుకున్న, మీరు వారమంతా నన్ను తిట్టుకున్నరు. సరే, ఇప్పుడు రూములోకి పోదాం. కొత్తగా చదివేటోళ్ల కోసం నాలుగు ముక్కలు చెప్తా, తెలిసినోళ్లు జర ఓపిక పట్టాలె.

ఆ ఆఫీసులో జరిగే పని ఏందంటే, సముద్రం మీది ఓడలను సత్తుపల్లిలో కూసోని చూసుడు. నవ్వకండి, రెండువేల తొమ్మిదిలో ఇట్లాంటివి కూడా వచ్చినయ్. పెద్ద ఓడ ప్రతిదాంట్లో ఒక డబ్బా ఉంటది. నేను ఫలానా ఓడను, ఫలానా చోట ఉన్న, ఇంత వేగంతోని పోతున్న అని అది ఊకె చెప్తనే ఉంటది. ఒడ్డు మీది యంత్రాలు ఆ మాటను పట్టుకుంటే కంప్యూటర్‌లో చుక్కై కనబడతది. గల్ఫ్‌లో ఫుజైరా అనే రేవు ముందర రోజూ వంద ఓడలు లంగరేసుకొని ఆయిలు కోసం ఎదురుచూస్తుంటయ్. బార్జీలనే ఆయిలు పడవలు ఒడ్డున నింపుకొని పోయి, ఓడ పక్కన ఆనుకొని, పైపు వేసి పోసి, ఖాళీగా తిరిగొస్తయ్. ఇన్ని టన్నులు పోసినమని చిట్టీ రాస్తరు, ఓడ ఇంజనీరు సంతకం పెడతడు. చిట్టీలో రాసిందంతా నిజంగా ఓడలో పడ్డదా అని ఓడల యజమానులకు ఎప్పుడూ అనుమానమే. ఆ అనుమానం తీర్చే విదేశం కంపెనీ ఒకటి, చిట్టీలను చుక్కలతోని పోల్చి చూసే పనిని ఈ ఆఫీసుకు ఇచ్చింది, ఆ పుణ్యమా అని మన దగ్గర ఎనిమిది ఇండ్లలో పొయ్యి వెలుగుతున్నది.

దీవెనది దమ్మపేట పక్క పల్లె. నాయిన తోమాసు పామాయిల్ గెలల ట్రాక్టర్‌ను అశ్వారావుపేట మిల్లుకు తోలుతడు. అన్న జయరాజ్ మూడేండ్ల కింద గల్ఫ్ పోయిండు. ఇక్కడే ఉన్నది చిక్కంతా. జయరాజ్ చేసేది మర్జాన్-4 అనే ఆయిలు బార్జీ మీద పైపులు కలిపే పని. దీవెన ఈ కొలువులో చేరేనాడు, ఓడల మీద గానీ ఆయిలు కంపెనీల్లో గానీ నాకు చుట్టాలెవరూ లేరని సంతకం పెట్టింది. కొలువు కోసం ఆడిన ఒక్క అబద్ధం. ఆ పాపం ఊకె పోతదా? మూడు వారాల కింద మర్జాన్-4 చిట్టీల కట్ట తిరిగి తిరిగి ఆమె బల్ల మీదనే పడ్డది.

చిరంజీవి తలుపు దగ్గరికి వేసిండు. తిరుమలాయపాలెం మనిషి, హైదరాబాద్‌లో పెద్ద కంపెనీలో చేస్తుంటే పోయినేడు కొలువు ఊడింది, వచ్చి ఈ దుకాణం పెట్టిండు. ముక్కు మీద కోపం, మనసు మంచిదే అంటరు. ఆ పూట మాత్రం కోపం కూడా కనబడలేదు, అదే దీవెనకు ఎక్కువ భయమైంది. ప్రింటర్ నుంచి తీసిన ఒక జాబితా బల్ల మీద పెట్టి, మర్జాన్-4 కాగితాలు మూడు వారాల్లో పంతొమ్మిది సార్లు తీసినవని చెప్పిండు. మిగిలిన బార్జీల కాగితాలు ఒక్కసారి కూడా తియ్యలేదన్నడు.

"ఎవరికి అందిస్తున్నవ్?" అని అడిగిండు.

దీవెనకు ముందు అర్థం కాలేదు. అర్థమైనంక ఒళ్లు మండింది. నన్ను దొంగను చేస్తున్నడా ఈ మనిషి అనుకున్నది. అసలు ఆమెకే ఆయన మీద అనుమానం. పోయిన పది దినాల్లో ఆమె ఫైలులోంచి మర్జాన్-4 చిట్టీలు రెండు మాయమైనయ్. అడిగితే, నేనే చూసుకుంట, నీకెందుకన్నడు. అప్పటిసంది ఆయన సొరుగుకు తాళం పడుతున్నది. బార్జీ యజమానులు సారును కొనేసిన్రేమో అని ఆమె మూడు రాత్రులు నిద్రపోలేదు. ఇప్పుడు చూస్తే ఆయన కూడా అదే అనుమానంతోని ఈమె దిక్కు చూస్తున్నడు. ఇద్దరు దొంగలు కాని మనుషులు ఒకర్నొకరు దొంగలనుకొని ఒకే రూములో కూసుంటే ఎట్లుంటదో అట్లున్నది.

"ముందు మీరు చెప్పండి సార్. నా ఫైలు నుంచి ఆ రెండు చిట్టీలు ఎందుకు తీసిన్రు?"

ఆయన కండ్లు పెద్దవి చేసిండు. ఉద్యోగి ఎదురు ప్రశ్న వేస్తదని అనుకోలేదు పాపం. అడిగినదానికి జవాబు చెప్పు, లేకుంటే ఇప్పుడే విదేశం వాళ్లకు ఫోన్ చేసి నీ పేరు చెప్త అన్నడు. ఇగ దాచి లాభం లేదని దీవెనకు తెలిసిపోయింది. చెప్పకపోతే కొలువు పోతది, చెప్పినా పోతది, కనీసం చెప్తే కడుపులో బరువన్నా దిగుతది.

"ఆ బార్జీ మీద మా అన్న పనిచేస్తుండు సార్" అన్నది.

చిరంజీవి కుర్చీలో వెనక్కి ఒరిగిండు. కింద దుకాణంలో ఎవరో యూరియా బస్తాలు దింపుతున్నరు, ఆ చప్పుడు పైకి వస్తున్నది. తర్వాత మొదలుపెట్టిండు. ఆఫీసు పేరు పాడు చేసినవన్నడు, సంతకం అంటే ఆటలనుకున్నవా అన్నడు, ఏడుగురి పొట్ట కొట్టినవన్నడు. దీవెన తల వంచుకొని అన్నీ పడ్డది. తప్పు చేసింది గదా, పడాలె. కండ్లలో నీళ్లు వచ్చినయ్ గని, కింద పడనియ్యలేదు.

తిట్టి తిట్టి ఆయనే అలిసిపోయిండు. నీళ్లు తాగి, ఇంతకీ పంతొమ్మిది సార్లు తీసి ఏం చూసినవని అడిగిండు.

అడిగినందుకు దీవెన చెప్పింది. ఆఫీసులో అందరూ చూసేది రెండే సంగతులు. బార్జీ చుక్క ఓడ చుక్కను ఆనిందా, ఎన్ని గంటలు ఆనింది. రెండూ కుదిరితే టిక్కు. మర్జాన్-4కు రెండూ ఎప్పుడూ కుదురుతయ్. ఐదు గంటలు, ఆరు గంటలు, బుద్ధిమంతుని లెక్క నిలబడతది. గని వేగం అనే గడి ఒకటున్నది, దాన్ని చూడమని ఎవరూ అడగలేదు, ఎవరూ చూడలేదు. దీవెన చూసింది.

ఎందుకు చూసిందో చెప్పాలంటే అశ్వారావుపేట మిల్లు గేటు కాడికి పోవాలె. చిన్నప్పుడు సెలవుల్లో అన్నాచెల్లెండ్లిద్దరూ నాయినకు సద్ది పట్టుకొని అక్కడికి పోయేటోళ్లు. గేటు కాడ సమ్మయ్య తాత కావలి. ఒకేడు కాటా చెడిపోయి పదిహేను రోజులు బండ్లను తూకం లేకుండా లోపలికి పంపిన్రు. ఇంకేంది, ఒక డ్రైవరుకు బుద్ధి పుట్టింది. పైగెలలు దింపి, అడుగున కొన్ని మిగుల్చుకొని, మీద గోనెపట్టా కప్పి బయటికి తోలిండు. ఆ గెలలనే మళ్లా మర్నాడు తేవచ్చు గదా. సమ్మయ్య తాత అటు తిరిగి చాయ్ తాగుతున్నడు, బండిని చూడనే లేదు. కూసున్న చోటునుంచే చెయ్యెత్తి ఆపు అన్నడు. ఖాళీ ట్రాలీ గుంతల మీద ఎగురుకుంట దడదడలాడుకుంట పోతది, ఇదేందిరా నెలలు నిండిన మనిషి లెక్క నడుస్తున్నది అన్నడు. పట్టా తీస్తే గెలలు. ఆనాటి సంది పిల్లలిద్దరికీ అదే ఆట. రోడ్డుకు వీపు పెట్టి కూసోవాలె, వచ్చేది నిండు బండో ఖాళీ బండో చెప్పాలె. జయరాజ్ ఒక్కసారి కూడా ఓడిపోలేదు. ఈ ముచ్చటంతా చిరంజీవికి చెప్పి దీవెన అన్నది.

"పడవైనా గంతే గదా సార్. నిండుగా పోయేటప్పుడు ఆరు మైళ్ల వేగం, పోసి వచ్చేటప్పుడు ఎనిమిది. అన్ని బార్జీలూ గట్లనే వస్తున్నయ్. మర్జాన్-4 పదకొండు సార్లు పోయింది. మూడు సార్లు మాత్రం ఎంత వేగంతోని పోయిందో అంతే వేగంతోని తిరిగొచ్చింది."

చిరంజీవి వదిలే రకం కాదు. ఎదురుగాలి ఉండొచ్చన్నడు, అల ఉండొచ్చన్నడు, ఇంజను చెడిపోయి ఉండొచ్చన్నడు. దీవెన ఇంకో కాగితం తీసి ముందర పెట్టింది. ఆ మూడు దినాల్లో, అదే గంటలో, అదే దారిలో వేరే బార్జీలు తిరిగొచ్చినయ్, అన్నీ ఎనిమిది మీదనే. మర్నాడు మర్జాన్-4 కూడా ఎనిమిది మీద వచ్చింది. ఒక్కరోజుకు చెడిపోయి ఒక్కరోజులో బాగయ్యే ఇంజను లోకంలో ఉంటదా?

ఆయన కాగితాలను అటు తిప్పి ఇటు తిప్పి చూసిండు. ఈ పిల్ల మూడు వారాలు ఎంత నలిగిపోయిందో ఆయనకు అప్పుడు కొంచెం తెలిసినట్టున్నది. ఎందుకంటే ఆమె చూసింది ఉత్త వేగం గాదు. అన్న దొంగతనంలో ఉన్నడా అన్న ప్రశ్నను చూసింది. పైపు కలిపేది వాడే. ఆయిలు పోస్తున్నరో లేదో వానికి తెలవకుండా ఉంటదా? తెలిసి ఊకున్నడంటే వాడూ దొంగే. ఉన్నది ఉన్నట్టు రాస్తే అక్కడి పోలీసులు పడవ మీది అందరినీ జైల్లో వేస్తరు, పాస్‌పోర్టు యజమాని దగ్గర, వాడు మళ్లా ఇంటి మొఖం చూస్తడో లేదో. టిక్కు పెడితే తనూ దొంగే. తోడబుట్టినోని మీద అనుమానం ఎంత చేదో అనుభవించినోళ్లకే తెలుసు. ఆదివారం గుడిలో వాని పేరు మీద ప్రార్థన చేస్తుంటే కూడా ఆమెకు ఆ వేగం గడే యాదికొచ్చింది.

"ఈ నిండు బండి, ఖాళీ బండి సంగతి నీకు ఇంకెవరన్నా చెప్పిన్రా?" అని అడిగిండు చిరంజీవి. గొంతు మారింది.

ఎవరూ చెప్పలేదన్నది. ఆయన లేచి సొరుగు తాళం తీసిండు. లోపలినుంచి ఒక జిరాక్సు కాగితం తీసి, ఇచ్చేదా వద్దా అన్నట్టు కొంచెంసేపు పట్టుకొని, చివరికి ఇచ్చిండు. పన్నెండు దినాల కింద విదేశం వాళ్లు పంపిన్రని చెప్పిండు. ఫుజైరాలో ఎవరో పేరు రాయకుండా పోస్టు చేసిన ఉత్తరమంట. వాళ్లకు ఆ లిపి ఏందో తెలవలేదు. తెలుగని ఎవరో చెప్తే, మన దగ్గరున్నరు గదా తెలుగోళ్లు, అర్థం చెప్పమని ఇటు తోలిన్రు. ఆ ఉత్తరంలో చెప్పింది నిజమా కాదా అని చూసుకునేటందుకే ఆమె ఫైలు నుంచి రెండు చిట్టీలు తీసుకున్ననని కూడా చెప్పిండు.

దీవెన చదివింది. "అయ్యా, మర్జాన్-4 మీద మోసం జరుగుతున్నది. చిట్టీలో రాసినంత పోస్తలేరు. ఓడ ఇంజనీరు కూడా కలిసిండు. కొంచెమే పోసి, మిగిలిన సేపు పైపులో గాలి కొట్టుకుంట గంటలు గడుపుతున్నరు. నా దగ్గర వేరే సాక్ష్యం లేదు. మా పడవ తిరిగొచ్చేటప్పుడు నడక చూడండి. అశ్వారావుపేట మిల్లు కాడ అడుగున గెలలు దాచుకొని పోయే ట్రాలీ లెక్క నడుస్తది. ఎరిగినోడు చూస్తే తెలుస్తది."

పేరు లేదు. పేరెందుకు? ఆ చేతిరాతను ఆమె చిన్నప్పటిసంది చూస్తున్నది. ఆదివారం బడిలో ఇద్దరికీ పలక ఒక్కటే. ఇది మా అన్న రాతే సార్ అని దీవెన కాగితాన్ని ఒళ్లో పెట్టుకొని ఏడ్చింది. అన్న దొంగ కాదు. దొంగ కాకపోవడమే గాదు, దొంగల నడుమ ఒక్కడే నిలబడి, చేతిలో ఏ ఆధారమూ లేక, సమ్మయ్య తాత చెప్పిన ఒక్క ముక్కను పట్టుకొని సముద్రం అవతలికి ఉత్తరం రాసిండు. నేనేమో వాన్ని మూడు వారాలు దొంగనుకున్న అని సిగ్గుతోని చచ్చిపోయింది. మల్ల వెంటనే సంతోషమైంది. రెండూ ఒక్కసారే వస్తే మనిషి ఏం చేస్తది, ఏడుస్తది.

చిరంజీవి కూడా మెత్తబడ్డడు. నీ కొలువు సంగతి తర్వాత చూద్దాం, ముందు ఈ మూడు దినాల లెక్క రాసి పంపుదాం, మీ అన్నకు మంచి జరుగుతది అన్నడు. తను చేసి విదేశం వాళ్లకు పంపిన ఇంగ్లీషు అనువాదం కూడా తీసి చూపిచ్చిండు. ముద్దుగా టైపు కొట్టి, అంచులు సరిచేసి, మొదటి మార్కు వచ్చిన పిల్లగాడు అయ్యవారికి చూపిచ్చినట్టు చూపిచ్చిండు. దీవెన కండ్లు తుడుచుకొని చదువుకుంట పోయింది. మంచిగనే ఉన్నది. కాగితం అడుగున చిన్న అక్షరాల్లో ఒక వివరణ ఉన్నది. అక్కడ ఆమె వేలు ఆగింది.

ఆ వివరణలో ఆయన రాసిందేందంటే, అశ్వారావుపేట అనేది భారతదేశంలో మా ఖమ్మం జిల్లాలోని ఊరు, అక్కడ పామాయిల్ మిల్లు కలదు, కావున ఈ ఉత్తరం రాసిన వ్యక్తి ఆ ప్రాంతపు వాడే అయి ఉండవలెను, అని.

చూడండి మరి. వేరే జిల్లా మనిషి అయితే నిండు బండి లెక్క నడుస్తది అని రాసి ఊకునేటోడు. మనోనికి అట్ల ఎట్ల మనసొప్పుతది? దేశంగాని దేశం నుంచి వచ్చిన ఉత్తరంలో మన అశ్వారావుపేట పేరు కనబడితే, అదేందో ఎక్కడున్నదో ఆ దొరలకు ఇప్పి చెప్పకపోతే మనకు అన్నం సయిస్తదా? జిల్లా మీది ప్రేమతోనే రాసిండు పాపం. అందులో ఇసుమంత కపటం లేదు.

"ఆ పడవ మీద ఎంతమంది ఉన్నరో మీకు తెలుసా సార్?" అని అడిగింది దీవెన.

తెలవదన్నడు.

"తొమ్మిది మంది. ఇద్దరు బెంగాలోళ్లు, ముగ్గురు ఫిలిప్పీన్సోళ్లు, ముగ్గురు కేరళోళ్లు. ఖమ్మం జిల్లా మనిషి ఒక్కడే."

చిరంజీవి గబగబ కంప్యూటర్ దిక్కు తిరిగి శుక్రవారం విదేశం వాళ్ల దగ్గరినుంచి వచ్చిన మెయిలు తీసిండు. అప్పుడు పైపైన చూసి వదిలేసిండు, ఇప్పుడు వేలు పెట్టి ఒక్కొక్క ముక్క చదివిండు. అనువాదం చాలా బాగుంది, కృతజ్ఞతలు, దీన్ని, అసలు ఉత్తరం జిరాక్సును మర్జాన్-4 యజమానులకు పంపి సంజాయిషీ అడిగినం అని ఉన్నది. వివరణ తీసేసి పంపిన్రా, ఉంచే పంపిన్రా అని దీవెన అడిగింది. ఆయన జతచేసిన కాగితాన్ని తెరిచిండు, అడుగున చిన్న అక్షరాలు అట్లనే ఉన్నయ్.

"నేను చేసిన తప్పమ్మా ఇది" అన్నడు. అనేటప్పుడు మేనేజర్ గొంతు లేదు.

శుక్రవారం పోయి, శనివారం పోయి, ఆదివారం పోయి, ఇయ్యాల సోమవారం. దీవెన అన్న నంబరుకు చేసింది. స్విచాఫ్. మల్ల చేసింది, మల్ల అదే. చిరంజీవి విదేశం వాళ్ల నంబరు కొడుతున్నడు, అక్కడ ఇంకా తెల్లారలేదు, ఎవరూ ఎత్తుతలేరు. ఎత్తినంక ఏం చెప్పాలెనో కాగితం మీద రాసుకుంటున్నడు, కొట్టేస్తున్నడు, మల్ల రాస్తున్నడు. ఆ మనిషిని రక్షణలోకి తీసుకోండి, ముందు ఆ పని చెయ్యండి, లెక్కలు తర్వాత అని చెప్పాలన్నది దీవెన. సరే సరే అన్నడు.

అంతలో ఆమె ఫోన్ మోగింది. అన్ననేమో అనుకున్నది. కాదు, నాయిన. సోమవారం పొద్దటిపూట తోమాసు ఫోన్ చెయ్యడు, గెలల బండి మీద ఉంటడు.

బండి మధ్యల ఆపి ఇంటికొచ్చిననని చెప్పిండు తోమాసు. గొంతు నిండ సంతోషం. జయరాజ్ కంపెనీ నుంచి ఒక సారు కారు ఏసుకొని ఇంటికే వచ్చిండంట, ఎంత మర్యాదస్తుడో చెప్పలేనంట. జయరాజ్‌ను పెద్ద పనికి ఎక్కిస్తున్నరు, దాని కాగితాలకు వాడు సొంత చేతితోని రాసిన ఉత్తరాలు ఏవన్నా కావాల్నని అడిగిండంట. అమ్మ సంపూర్ణ ట్రంకుపెట్టె తీసి వెతికితే నాలుగు దొరికినయంట.

"నాయినా, ఆ ఉత్తరాలు ఇయ్యకు" అన్నది దీవెన.

"ఇచ్చిన గదనే. చాయ్ తాగుకుంట అవే చూస్తుండు. ఇగో, నీతోని మాట్లాడతడంట."

ఫోన్ చేయి మారింది. అవతలి గొంతు మెత్తగా ఉన్నది, మన దిక్కు గొంతు కాదు.

"నమస్తే అమ్మా. మీ అన్నగారి చేతిరాత చాలా బాగుందండీ. మీరు కూడా ఉద్యోగం చేస్తున్నారని అమ్మగారు చెప్పారు. ఎక్కడమ్మా మీ ఆఫీసు?"

దీవెన చిరంజీవి దిక్కు చూసింది. ఆయన వద్దు వద్దని రెండు చేతులూ ఊపుతున్నడు. ఏదో ఒక అబద్ధం చెప్పాలె, కొలువు కోసం ఒకటి ఆడినదానివి, ఇప్పుడు అన్న పాణం కోసం ఇంకోటి ఆడలేవా అని తనకు తనే చెప్పుకున్నది. ఖమ్మంలో బట్టల దుకాణంలో అని చెప్దామని నోరు తెరిచింది.

ఆమె చెప్పేదాకా ఆగలేదు తోమాసు. పక్కనుంచి ఆయన మాట స్పష్టంగా వినబడింది. బిడ్డ సంగతి ఎవరడిగినా ఆయన ఎప్పుడూ చెప్పే తీరుగనే, గర్వంగా చెప్తున్నడు.

"సత్తుపల్లిలనే సారూ. ఏ ఓడ ఏడికి పోతుందో, ఏ పడవ ఆయిలు ఎంతసేపు పోస్తుందో, అన్నీ కంప్యూటర్ల చూస్తది నా బిడ్డ."